డెల్టాలో ట్రాఫిక్ ముడి ఎక్కడ పడుతోంది?

గోదావరి డెల్టాలో ఏ సెంటర్లో నిలబడి ట్రాఫిక్ మాట ఎత్తినా చివరికి తేలేది ఒకటే: "రోడ్డు వెడల్పు చెయ్యాలండీ." అమలాపురంలో అదే మాట, భీమవరంలో అదే మాట, రావులపాలెంలోనూ అదే. ఎన్నికల ముందు హామీ అదే, ఎన్నికలయ్యాక అర్జీ కూడా అదే. కోరికలో తప్పేం లేదు. కాకపోతే మన దగ్గర బళ్ళు ఆగిపోయేది రోడ్డు పొడవునా కాదు. కాలువ వంతెన దగ్గర, లాకుల మలుపులో, రైల్వే గేటు ముందు, నాలుగు రోడ్లు కలిసే చోట ఆగుతాయి. ఆ చోట్లని ఉన్నవి ఉన్నట్టే ఉంచి మధ్యలో పది కిలోమీటర్లు వెడల్పు చేశామనుకోండి, ఆగే చోటుకి త్వరగా చేరుకుని అక్కడ ఇంకాసేపు ఎక్కువ ఆగుతాం. బోదె ఎంత వెడల్పుగా తవ్వినా చేలోకి పారేది తూము వదిలినంతే అని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు ప్లాను వేసేటప్పుడు మాత్రం ఈ సంగతి ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

పడవల దారిలో లారీలు

మన రోడ్లు ఇంత ఇరుగ్గా, ఇన్ని వంకరలతో ఎందుకున్నాయో తెలియాలంటే కాలువల దగ్గరికి వెళ్ళాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. దాని కింద కాటన్ దొర తవ్వించిన పెద్ద కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ పడవల మీదే తిరిగేవి. కాలువ మట్టం మారే చోట పడవని ఎక్కించడానికి, దించడానికి లాకులు కట్టారు. సరుకు ఎక్కే చోట, దిగే చోట ఊళ్ళు పెరిగాయి. గట్టు మీది కాలిబాట బండిబాటయింది. దాని మీద కంకర పడింది, ఆ తర్వాత తారు పడింది. పడవలు పోయాయి గానీ ఆ దారి అలాగే మిగిలింది.

అందుకే డెల్టాలో చాలా రోడ్లకి ఒక పక్క కాలువ ఉంటుంది, రెండో పక్క ఇళ్ళో కొబ్బరితోటలో ఉంటాయి. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వైపు వెళ్ళే వాళ్ళకి ఇది రోజూ కనబడేదే. వెడల్పు చెయ్యడానికి ఒక్క పక్కే చోటుంటుంది, ఆ చోటు కూడా ఎవరిదో వసారా అయి ఉంటుంది.

లాకుల దగ్గర పరిస్థితి ఇంకో రకం. రోడ్డు గట్టు మీదుగా తిన్నగా వచ్చి, ఠక్కున పక్కకి తిరిగి, పాత వంతెన దాటి, మళ్ళీ ఠక్కున తిరిగి అవతలి గట్టు పడుతుంది. కారు సునాయాసంగా తిరుగుతుంది. రొయ్యల కంటైనరో, కొబ్బరికాయల లారీయో ఒక్క తిప్పుకి తిరగదు. కొంచెం వెనక్కి తీసి మళ్ళీ కొట్టాలి. ఆ లోపు వెనకున్న మోటారు సైకిళ్ళు సందు చూసుకుని ముందుకొచ్చి, సరిగ్గా లారీ వెనక్కి తియ్యాల్సిన చోటే నిలబడతాయి. క్లీనరు దిగి బండిని చేత్తో చరుస్తూ అరుస్తాడు. ఎదురుగా వచ్చిన ఆటో వంతెన మధ్యదాకా ఎక్కేసి ఉంటుంది. ఇక ఎవరో ఒక పెద్దమనిషి దిగి నలుగురినీ వెనక్కి నడిపిస్తే తప్ప కదలదు. ఆ మలుపు లోపలి మూల ఓ నాలుగైదు మీటర్లు కోసి గుండ్రంగా చేస్తే ఈ నాటకం చాలావరకు ఉండదు. అవతల కిలోమీటర్ల కొద్దీ వెడల్పు చేసినా ఈ మూల కొయ్యకపోతే ఉపయోగం లేదు.

వెడల్పు లెక్క ఎలా పనిచేస్తుంది

అలాగని వెడల్పు అక్కర్లేదని కాదు. ఎక్కడ ఎంత కావాలన్నదే లెక్క. దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గ్రామీణ రోడ్లకి ఒక కొలత పెట్టింది. అన్ని బళ్ళనీ కార్లలోకి మార్చి లెక్కేస్తారు. దాన్నే పీసీయూ అంటారు. కారు ఒకటి, మోటారు సైకిల్ అర, లారీ గానీ బస్సు గానీ మూడు, ట్రక్కు తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర, పెద్ద ఎడ్లబండి ఎనిమిది. వేగం ఎంత, ఎంత చోటు ఆక్రమిస్తుంది, వెనకున్న వాళ్ళని ఎంత ఆపుతుంది అన్నదాన్ని బట్టి ఈ లెక్క.

ఆ కొలత ప్రకారం చదును నేల మీద 3.75 మీటర్ల ఒంటి లైను రోడ్డు రోజుకి 2,000 పీసీయూలు మొయ్యగలదు. 5.5 మీటర్ల రోడ్డు 6,000. 7 మీటర్ల రెండు లైన్ల రోడ్డు 15,000. ఒకసారి ఆగి చూడండి. వెడల్పు రెట్టింపు కూడా కాలేదు, మోసే శక్తి ఏడున్నర రెట్లయింది. కారణం తేలికే: ఎదురెదురు బళ్ళు ఒకదానికోసం ఒకటి మార్జిన్‌లోకి దిగక్కర్లేదు. కాబట్టి గట్టు రోడ్డుని ఎలాగోలా 7 మీటర్లకి తేగలిగితే అదే పెద్ద లాభం. అంచుల్లో ఒకటిన్నర మీటరు చొప్పున గట్టి మార్జిన్ కూడా వేస్తే మరో 15 శాతం కలిసొస్తుందని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి. సైకిళ్ళు, ఆగిన ఆటోలు అటు దిగిపోతాయి కనక. నాలుగు లైన్ల హామీ వినడానికి బావుంటుంది గానీ, మన లోపలి రోడ్లలో చాలావాటికి ముందు కావలసింది మార్జిన్‌లో ముళ్ళకంపలు కొట్టించి, కంకర దించడం.

ఇక్కడే తిరకాసు. 15,000 మొయ్యగల రోడ్డు మీద ఒకే బండి పట్టే పాత వంతెన ఒకటుంటే ఆ రోడ్డు 15,000 మొయ్యదు. పనుల జాబితాల్లో రోడ్డు ముందుంటుంది, వంతెన "తర్వాతి దశ"లో ఉంటుంది. నా ఉద్దేశంలో ఇది తలకిందుల వరస.

గేటు పడితే ఏమవుతుంది

రైల్వే గేటు దగ్గర జరిగేది అందరికీ తెలుసు, కానీ లెక్క కట్టి చూసిన వాళ్ళు తక్కువ. ఉదాహరణకి ఒక వైపు నుంచి నిమిషానికి 15 బళ్ళు వస్తున్నాయనుకుందాం. గేటు 8 నిమిషాలు పడింది. లేచేసరికి 120 బళ్ళు నిలబడి ఉంటాయి. గేటు లేచాక నిమిషానికి 25 దాటగలవనుకుంటే, ఇటు కొత్తగా 15 వస్తూనే ఉంటాయి కనక, నిమిషానికి తగ్గేది పదే. వరస పూర్తిగా తీరడానికి ఇంకో 12 నిమిషాలు. అంటే 8 నిమిషాల గేటు ఇరవై నిమిషాల జామ్ అయింది. గేటు లేచిన ఏడో నిమిషంలో ఇంకో రైలు వస్తే? అప్పటికి ఇంకా 50 బళ్ళు మిగిలే ఉంటాయి. మళ్ళీ 8 నిమిషాలకి 170. పొద్దున్న కాలేజీ బస్సుల వేళ ఇలా రెండు రైళ్ళు పడితే పది దాటేదాకా ఆ సెంటర్ కోలుకోదు.

ఇప్పుడు మనవాళ్ళు చేసే పని కూడా కలపండి. గేటు పడగానే ఎడమ వైపు వరస వదిలేసి కుడి వైపు కూడా నిండా నిలబడతారు. అవతలి వాళ్ళూ అంతే. గేటు లేవగానే రెండు గుంపులు పట్టాల మీద ఎదురుపడతాయి. నిమిషానికి 25 దాటాల్సిన చోట 20 దాటాయనుకోండి, వరస తీరడానికి 12 నిమిషాలు కాదు, 24 పడుతుంది. పట్టింది అయిదు బళ్ళ తేడాయే. గేటుకి రెండు వైపులా యాభై, అరవై మీటర్ల డివైడరు పెట్టడానికి అయ్యే ఖర్చు ఫ్లైఓవర్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

భీమవరం, నరసాపురం వైపు లైన్లు డబ్లింగ్, విద్యుదీకరణ అయ్యాక రైళ్ళు నడపడానికి వెసులుబాటు పెరిగింది. రైలుకి మంచిదే, గేటుకి కాదు. గేటు స్థానంలో వంతెన అడగడానికి రైల్వేకి ఒక కొలత ఉంది: రోజూ దాటే రైళ్ళ సంఖ్యని దాటే బళ్ళ యూనిట్లతో గుణిస్తారు, దాన్ని టీవీయూ అంటారు. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరిసగం భరించి వంతెన కట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. రోజుకి 50 రైళ్ళు, 2,000 యూనిట్ల బళ్ళు ఉంటే లక్ష అయిపోయినట్టే. రైళ్ళు పెరిగితే, రోడ్డు మీద ఒక్క బండి పెరక్కపోయినా ఆ లెక్క పెరుగుతుంది. పాత లెక్కతో తిరస్కరించిన గేటుకి మళ్ళీ లెక్క వేయించమని అడగొచ్చు.

వంతెన వచ్చినా ఒక చిక్కుంది. కరెంటు తీగల మీదుగా వెళ్ళాలంటే పట్టాల నుంచి ఆరున్నర మీటర్లకి పైన ఉండాలి, దూలం మందం కలిపితే ఎనిమిది మీటర్లు దాటుతుంది. ముప్ఫై అడుగులకి ఒక అడుగు చొప్పున దిగినా ఒక్కో వైపు 250 మీటర్లు పోవాలి. ఊళ్ళో గేటుకి 250 మీటర్ల దూరంలో ఏముంటుంది? పాత బస్టాండ్ సెంటరే ఉంటుంది. వంతెన దిగగానే బళ్ళన్నీ అక్కడ పడతాయి. జామ్ పోలేదు, పావు కిలోమీటరు జరిగింది. కాబట్టి దిగే చోట సెంటర్‌ని కూడా అదే ప్లానులో సరిచేయకపోతే డబ్బు సగం వృథా. వంతెన లేచి నిలబడి, అప్రోచ్ రోడ్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం కూడా మనకి కొత్త కాదు.

నదులు దాటే చోట్లు

కోనసీమ చుట్టూ నదులు, సముద్రమే. ఆనకట్ట దిగువన గోదావరి తూర్పు పాయ గౌతమి మీద రోడ్డు వంతెనలంటే ముఖ్యంగా రెండు చోట్లే: జొన్నాడ–రావులపాలెం, యానాం–ఎదుర్లంక. పడమటి పాయ వశిష్ఠ మీద కూడా అంతే: సిద్ధాంతం, చించినాడ. సఖినేటిపల్లి నుంచి నరసాపురం కళ్ళెదుట కనబడుతుంది, కానీ పంటు (బళ్ళని కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) మీద దాటాలి. పంటు ఆగిన రోజు లారీ అయినా అంబులెన్స్ అయినా చించినాడ తిరిగి రావాల్సిందే. ఇలా దారులు కొద్దిగా ఉంటే ప్రతి చుట్టు ప్రయాణమూ ఆ నాలుగు వంతెనల మీదే పడుతుంది. నరసాపురం రేవులో వంతెన వస్తే లాభపడేది సఖినేటిపల్లి ఒక్కటే కాదు, చించినాడ, రాజోలు రోడ్డు కూడా తేలికపడుతుంది. నది వంతెన ఖర్చుని రెండు రేవుల మధ్య దాటే జనంతో మాత్రమే భాగిస్తే ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది.

బైపాస్ సంగతి వేరు. బైపాస్ ఊరి మీదుగా వెళ్ళిపోయే బళ్ళకే పనికొస్తుంది, ఊళ్ళోకి వచ్చే బళ్ళకి కాదు. గుండుగొలను నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్ళే దారి 16వ నంబరు జాతీయ రహదారి అయ్యాక, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీది పాత దారి 216ఏ అయింది. దూరం పోయే బళ్ళకి అటు వేరే దారి దొరికింది. కానీ రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలతో వచ్చే బండి ఏ బైపాస్ ఎక్కుతుంది? దానికి కావలసింది ఆగడానికి చోటు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చి అమలాపురం, భీమవరం జిల్లా కేంద్రాలయ్యాక ఊళ్ళోకే పని మీద వచ్చే వాళ్ళు పెరిగారు. వాళ్ళకీ బైపాస్‌తో పని లేదు. అందుకే బైపాస్ అడిగే ముందు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తున్నారో రోడ్డు పక్కన ఆపి అడిగే సర్వే జరగాలి.

ఏ వారం లెక్కపెట్టారు?

ప్లాను అంతా బళ్ళ లెక్క మీద ఆధారపడుతుంది. ఏడు రోజులు, రాత్రింబవళ్ళు లెక్కపెట్టాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు, ఒకటి కోతలు, సరుకు అమ్మకాల కాలంలో, రెండోది ఖాళీ కాలంలో చెయ్యాలని రోడ్స్ కాంగ్రెస్ 1972 నుంచీ చెబుతోంది. డెల్టాలో దీనికి ఎంత అర్థముందో చూడండి. సార్వా (తొలకరి పంట) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రెండో పంట) కోతలు ఏప్రిల్‌లో. అప్పుడు రోడ్డు మీద నాలుగున్నర పీసీయూల ట్రాక్టర్లు ధాన్యంతో వరసకడతాయి. జులైలో నాట్ల సమయంలో లెక్కపెట్టి వెళ్ళిపోతే అవి కాగితం మీదకే రావు.

మరి సంక్రాంతి? ఆ మూడు రోజులూ హైదరాబాద్ కార్లన్నీ ఇక్కడే ఉంటాయి, పందెం బరుల దారుల్లో మనిషి నడవలేడు. ఆ రద్దీకి సరిపడా రోడ్డు వెయ్యాలా? అక్కర్లేదు. ఏడాదిలో 8,760 గంటలుంటాయి. వాటిని రద్దీ వరసలో పెట్టి ముప్ఫయ్యో గంటని తీసుకుని రోడ్డు డిజైన్ చెయ్యడం పద్ధతి. పైనున్న 29 గంటలు ఓర్చుకోవాల్సిందే. సంక్రాంతి మూడు రోజుల్లో గట్టి రద్దీ పూటకి నాలుగైదు గంటలేసుకున్నా దాదాపు ఆ 29 గంటల్లోనే సరిపోతుంది. దానికి పోలీసులు, తాత్కాలిక వన్‌వేలు చాలు.

వాడపల్లి సంగతి అలా కాదు. ఏడు శనివారాల మొక్కు కోసం వెంకన్న దగ్గరికి వచ్చే జనం ప్రతి వారం వస్తారు. ఏడాదికి 52 శనివారాలు. శనివారానికి మూడు గంటల రద్దీ అనుకున్నా 156 గంటలు. ముప్ఫయ్యో గంటని ఎప్పుడో దాటేసింది. కాబట్టి రావులపాలెం, ఆత్రేయపురం వైపు రోడ్లకి శనివారమే అసలు డిజైన్ రోజు. చూడటానికి రెండూ పండగ రద్దీలే. రోడ్డు లెక్కలో ఒకటి అతిథి, ఇంకోటి ఇంటి మనిషి. సర్వే చేసిన వాళ్ళు శనివారం లెక్కని సగటులో కలిపేస్తే ఈ తేడా మాయమైపోతుంది.

నేల, నీళ్ళు, కేలండరు

రోడ్డు పాడైతే వేగం పడిపోతుంది, వేగం పడితే అదీ ఒక జామే. మన బంకనేల తడిస్తే మెత్తబడిపోతుంది. గ్రావెల్, కంకర మెట్ట నుంచి రావాలి. పైగా రొయ్యల చెరువులు రోడ్డు అంచుదాకా వచ్చేశాయి. ఏడాది పొడవునా ఊట ఊరుతుంటే అడుగున నేల ఎప్పుడు ఆరుతుంది? ఐస్ కరిగి చేపల లారీల్లోంచి కారే నీళ్ళు తారు మీద ఒకే గీతలో పడుతూనే ఉంటాయి.

బరువు లెక్క ఇంకా ఘోరం. ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ రోడ్డుకి దెబ్బ దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1950ల చివర్లో అమెరికాలో చేసిన పెద్ద ప్రయోగంలో తేలింది. అంటే ఇరుసు మీద 20 శాతం ఎక్కువ వేస్తే దెబ్బ రెట్టింపు. డిజైన్‌లో వాడే ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. 2018లో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకి చట్టం అనుమతించే బరువుని 10.2 నుంచి 11.5 టన్నులకి పెంచారు. చట్టబద్ధంగా నిండిన ఆ ఇరుసు ఒక్కటే ప్రామాణిక ఇరుసుకి దాదాపు నాలుగు రెట్లు దెబ్బ కొడుతుంది. ఓవర్‌లోడ్ సంగతి తర్వాత.

గట్టు రోడ్డుని వెడల్పు చేసిన చోట ఏడాది తిరిగేసరికి పాత రోడ్డుకీ కొత్త ముక్కకీ మధ్య పొడుగ్గా ఒక చీలిక కనబడుతుంది. పాత మట్టి దశాబ్దాలుగా కుదురుకుంది, కొత్త మట్టి ఇంకా దిగుతోంది. రెండూ మెట్లుమెట్లుగా కోసి కలపకపోతే అంతే. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పుడు ఇంకో ప్రమాదం. అప్పటిదాకా గట్టుకి ఆనుకుని ఉన్న నీళ్ళు పోగానే తడిసిన గట్టు కాలువలోకి జారుతుంది. రక్షణ గోడ లేకుండా కాలువ వైపు వెడల్పు చెయ్యడం అందుకే డబ్బు నీళ్ళలో పొయ్యడం.

కాలువ మీద వంతెన కట్టాలన్నా, రక్షణ గోడ కట్టాలన్నా కాలువ ఎండాలి. మామూలుగా ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదలుదాకా, నెలన్నర. సరిగ్గా అప్పుడే దాళ్వా ధాన్యం మిల్లులకి కదులుతుంది. అంటే వంతెన కోసం రోడ్డు ముయ్యగలిగేదీ, ట్రాక్టర్లకి ఆ రోడ్డు కావలసిందీ ఒకే నెలలో. టెండరు మార్చిలో ఖరారైతే ఆ ఏడు పోయినట్టే. డిసెంబరుకల్లా కాగితాలు, కరెంటు స్తంభాల మార్పిడి, పక్కదారి అన్నీ సిద్ధంగా ఉంటేనే వేసవిలో పునాది లేస్తుంది.

పుంతలు ఏమయ్యాయి

పక్కదారి అన్నాం కదా, అది చాలా ఊళ్ళలో ఉంది, కనబడదంతే. పుంతలు. పొలాల్లోంచి ఊరూరికీ పోయే పాత బండి దారులు. రెవెన్యూ రికార్డుల్లో ప్రభుత్వ భూమే. కొన్ని చోట్ల చెరువు గట్టులో కలిసిపోయాయి, కొన్ని చోట్ల కొబ్బరిమొక్కలు లేచాయి. సర్వే చేయించి విడిపించుకుంటే సెంటర్ తగలకుండా రెండు రోడ్లని కలపడానికి పనికొస్తాయి. కొత్తగా భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువకి పల్లెల్లో గుణకం, చెట్లకి, కట్టడాలకి విలువ, వాటన్నిటి మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే అంతే మొత్తం అదనంగా, ఇవ్వాలి. రైతుకి న్యాయమే. కానీ పుంత చేతిలో ఉండగా తోట కొనడం తెలివైన పని కాదు. పుంతని ఆక్రమించినవాడు ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు కావడమే అసలు ఇబ్బంది, అది ఇంజనీరు తీర్చగలిగేది కాదు.

దీనికి తోడు ఒకే సెంటర్‌కి అయిదుగురు యజమానులు. రోడ్డు ఆర్ అండ్ బీది, గట్టు జలవనరుల శాఖది, కలిసే చిన్న రోడ్డు పంచాయతీరాజ్‌ది, డ్రెయిను మున్సిపాలిటీది, స్తంభం విద్యుత్ సంస్థది. ఒక శాఖ తారు వేసిన నెలకి ఇంకో శాఖ పైపు కోసం తవ్వుతుందని విసుక్కుంటాం. వాళ్ళందరినీ ఒకే ప్లాను కింద కూర్చోబెట్టే పని కలెక్టరే చెయ్యగలరు.

మీ ఊరి రోడ్డుకి డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) తయారైందని వింటే, సమాచార హక్కు చట్టం కింద కాపీ అడగండి. అందులో బళ్ళు ఏ నెలలో, ఏ వారం లెక్కపెట్టారో చూడండి. దారిలో ఉన్న ఒంటి లైను వంతెనలు, లాకులు, గేట్లు ఎన్ని, వాటికి ఈ అంచనాలోనే డబ్బుందా, తర్వాతి దశలోనా అన్నది చూడండి. సెంటర్లో బస్సు మలుపుకి ముందు ఆగుతుందా, దాటాక ఆగుతుందా, ఆటో స్టాండు మూలనుంచి ఎంత దూరం జరుపుతున్నారు అన్నది డ్రాయింగులో ఉండాలి. లేకపోతే అభ్యంతరం రాసివ్వండి. పని మొదలయ్యాక రాసేదానికంటే టెండరుకి ముందు రాసిన ఒక్క కాగితానికి విలువెక్కువ.